బార్‌కోడ్ లేని పప్పన్నం

మనిషి లావెక్కేది పెద్దయ్యాక కాదనీ, పాలపళ్లు పూర్తిగా రాకముందే ఆ నేరానికి ఇంట్లో పునాది పడుతుందనీ రాజధాని ప్రాంత శిశు స్థూలకాయ నివారణ మండలి కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు. 'పెహలా నివాలా', అంటే తొలి ముద్ద, అనే కుటుంబ ఆరోగ్య కార్యక్రమం పెట్టి, దానికో యాప్ తయారుచేసి, అందులో పచ్చరంగు రాని పిల్లలకు, పగలు పిల్లల్ని చూసుకునే కాలనీ క్రెష్‌లో సీటు లేదని తేల్చేసింది.

సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉండే మైథిలికి ఆ సీటు తప్పనిసరి. వానాకాలం నుంచి ఆఫీసుకు రావలసిందేనని గుర్గావ్‌లోని ఆమె కంపెనీ చెప్పేసింది. ఇన్నాళ్లూ రెండున్నరేళ్ల పాప కావేరిని చూసుకున్న అత్తగారు రాజేశ్వరమ్మ, అదే సమయానికి తన కూతురి పురిటికి భీమవరం వెళ్లాలి. సీటు రాకపోతే మైథిలి ఉద్యోగం మానాలి. మానమని ఎవరూ అనరు. అందరూ ఆమె వైపు చూస్తారు, అంతే. (భర్త సుధీంద్రకు కూడా ఒక ఉద్యోగం ఉందన్న సంగతి అప్పుడెవరికీ గుర్తురాదు.)

కావేరి సన్నగా, చురుగ్గా ఉండేది. పార్కులో పావురాల వెంట పడేది. రాజేశ్వరమ్మ పప్పన్నం కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి, పళ్లెం అంచున వరసగా పెట్టి, కబుర్లు చెబుతూ తినిపించేది. పూటపూటా ఫొటో పంపాలన్న యాప్ నిబంధన ప్రకారం మైథిలి ఆ పళ్లేనికి ఫొటో తీసి పంపింది. యాప్ కాసేపు ఆలోచించి 'లడ్డూలు' అంది. పొద్దున లడ్డూలు, రాత్రి లడ్డూలు. వారం తిరక్కుండా పాప ఎర్రరంగులో పడింది. ఇంటిల్లిపాదికీ 'తీపి వ్యసనపరులు' అని బిరుదొచ్చింది.

"పంచదార పలుకైనా వెయ్యలేదు కదే. కళ్లజోడు పెట్టుకోమను దాన్ని," అంది రాజేశ్వరమ్మ.

మైథిలి మండలి ఆఫీసుకు వెళ్లింది. అది మార్కెట్ పక్కన, నూనెలో పూరీలు పొంగించే ఛోలే భటూరే దుకాణం పైన ఉంది. (మెట్ల నిండా వ్యాయామ ప్రచార కరపత్రాలు పేర్చారు కనుక అందరూ లిఫ్టులోనే వెళ్లాలి.) కబళ పర్యవేక్షణాధికారి రామమోహనరావు గారిది రాజమండ్రి అని తెలియగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఫొటో చూసి గుటక వేశారు. "ముద్దపప్పేనా?"

"అవునండీ."

"ఇది లడ్డూ కాదని నాకు తెలుసమ్మా. మా అమ్మ చేతి ముద్దలు తినే ఇంతవాణ్ణయ్యాను. సిస్టమ్‌కి తెలీదు. దానికి తెలీనిది నాకు తెలిసి ఏం లాభం?"

"ముద్దలు చెయ్యకుండా పరిచి కూడా తీశానండీ. ఖీర్ అంది."

"అచ్ఛా. అంటుంది మరి. ఓ పని చెయ్యండి, బార్‌కోడ్ ఉన్నవే పెట్టండి. మల్టీగ్రెయిన్ బిస్కెట్లు, పండ్ల రుచి పాల డబ్బాలు. వాటి జోలికి యాప్ రాదు."

"వాటిలో చక్కెర ఉండదా సర్?"

"ఉంటుంది. కానీ ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. మీ ముద్ద మీద లేదని కూడా రాసి లేదు కదా."

మైథిలి తెలివితక్కువది కాదు. ఫొటో కోసం ఒక్క బిస్కెట్ పెట్టి, తర్వాత అన్నమే తినిపిద్దామనుకుంది. ఖాళీ ప్యాకెట్ చూపిస్తే గానీ భోజనం అయినట్టు యాప్ ఒప్పుకోలేదు. కొన్నాళ్లకే కావేరి అన్నం చూస్తే మూతి బిగించడం మొదలుపెట్టింది.

"నహీ చాహియే, నానమ్మా. వద్దు. బిస్కుట్."

కలిపిన అన్నం రాజేశ్వరమ్మే తిని, చెయ్యి కడుక్కునేది. కానీ యాప్‌లో ఎరుపు పసుపైంది, పసుపు పచ్చబడుతోంది. అవగాహన సదస్సులకు హాజరైతే ఇంకాస్త పచ్చదనం కలుపుతారు. వాటి కోసం పార్కులో షామియానా వేశారు కనుక పిల్లలు ఆడుకోవడం మాని, తల్లుల ఒళ్లో కూర్చుని పరుగెత్తడం ఎంత మంచిదో వినేవారు.

వానలు మొదలయ్యేసరికి కావేరికి గౌన్ల బొత్తాలు పట్టడం లేదు. నాలుగడుగులు వేస్తే ఎత్తుకోమని చేతులు చాస్తోంది. వయసుకు మించిన బరువని, ఇప్పుడే జాగ్రత్తపడాలని పిల్లల డాక్టరు చెప్పింది. మైథిలికి భయం వేసింది. పాపను చంకనేసుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్లింది.

"పాప లావైపోయింది సర్. డాక్టర్ గారే అన్నారు."

"అది చికిత్స శాఖ చూసుకుంటుందమ్మా. మాది నివారణ." రామమోహనరావు గారు తెర మీద ముదురు పచ్చరంగు చూసి సంతోషించారు. "ఒకసారి లావయ్యాక ఇక నివారించడానికేముంది? మీ పాప విషయంలో కార్యక్రమం సంపూర్ణం."

విజయవంతంగా పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ మీద ముద్ర వేసి, సోమవారం నుంచి క్రెష్‌కు పంపమన్నారు.

మైథిలికి ఆ కాగితం ఆయన మొహాన కొట్టాలనిపించింది. దాన్ని మడతపడకుండా బ్యాగులో పెట్టుకుని, పాపను రెండో చంకకు మార్చుకుని, "థాంక్యూ సర్," అంది.