డాష్‌బోర్డు మీద బాతు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కుతుంటే, సరిగ్గా సగంలో కారు ఆగిపోతుందని. వెనక లారీ వస్తూ ఉంటుందని.

ఇంత పిరికిదాన్ని చెబుతున్నాను, వినండి. డాష్‌బోర్డు మీద వెలిగే ఆ పసుప్పచ్చ ఇంజిన్ దీపం ఉంది చూశారూ, అది వరం! అది వెలగని కార్లలో తిరిగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ఎందుకంటారా? మా పాపకు మాటలు ఆలస్యమయ్యాయి. తలా ఒక చిట్కా చెప్పారు. ఏ చిట్కాకీ నోరు విప్పలేదు. చివరికి దాని చేత మాట్లాడించిందెవరు? ఆ దీపం! అందులోని ఇంజిన్ బొమ్మ దాని కళ్లకు బాతులా కనబడింది. సీట్ల సందులోంచి వేలు చాపి "బాతూ!" అంది. ఫీజు లేకుండా ఇంత చదువు ఏ బడిలో చెబుతారు?

చదువంటే గుర్తొచ్చింది. నన్ను తొమ్మిదో తరగతి మధ్యలో మాన్పించారు. అయితేనేం! ఇంజిన్ గాలి పీల్చే తలుపులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో వేగాన్ని బట్టి సర్దే ఏర్పాటు ఒకటుందని ఇప్పుడు నాకు తెలుసు. దాని ముద్దుపేరు వీవీటీ. మా పాత కారుకు ఆ సర్దుబాటే తప్పింది. ఎత్తు ఎక్కమంటే గుటకలు మింగుతుంది. సిగ్నల్ దగ్గర చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఇదంతా నేర్పిన గురువు ఆ దీపం కాక ఇంకెవరు?

మా మెకానిక్ కూడా సామాన్యుడు కాడు. ఇంజిన్ చప్పుడు వినడం, చేత్తో తడిమి చూడటం లాంటి పాత పద్ధతులు ఆయనకు గిట్టవు. చేతిలో ఒక మిషన్ ఉంటుంది. అది ఏ పేరు చెబితే ఆ సామాను మార్చేస్తాడు.

"సెన్సార్ సార్," అన్నాడు మా ఆయనతో. మార్చాడు. "ఆయిల్ వాల్వు సార్," అన్నాడు. అదీ మార్చాడు. "అయితే వైరే సార్, డౌటే లేదు!" అన్నాడు. ప్రతిసారీ చివర్లో మిషన్ మీట నొక్కి దీపం ఆర్పాడు. ఆరిందంటే బాగైనట్టే కదా!

ఇక్కడొక చిన్న రహస్యం ఉంది. మీట నొక్కితే ఆరేది దీపం మాత్రమే. జబ్బు ఎక్కడికీ పోదు. కారు మళ్లీ రోడ్డెక్కి, అదే తప్పు మళ్లీ మళ్లీ చేస్తే గానీ దీపం వెలగదు. ఈ మధ్యలో దొరికే నాలుగు రోజుల చీకటినే మా ఇంట్లో రిపేరు అంటారు.

ఎంత గొప్ప వైద్యం! దీన్ని అన్నిటికీ వాడాలని నా మనవి. పైకప్పు కారుతోందా? కింద పెట్టిన గిన్నె తీసేయండి, టపటప వినబడదు. పిల్ల దగ్గుతోందా? టీవీ సౌండు పెంచండి. భార్య సణుగుతోందా? దానికి మిషన్ కూడా అక్కర్లేదు. "నీకేం తెలుసు, ఊరుకో" అనే మీట మా ఆయన దగ్గర పెళ్లైన నాటి నుంచీ ఉంది!

మా అత్తగారి రోగనిర్ణయం వేరు. "నువ్వు నడపడం నేర్చుకున్నాకే దానికీ జబ్బు పట్టుకుంది," అన్నారు.

నా పోరు పడలేక మా ఆయన ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. మహా దురుసు మనిషి. కాసేపు ఇంజిన్ చప్పుడు విని బానెట్ మూసేశాడు.

"లోపల వాల్వుల్ని ఆడించే చైన్ సాగినట్టుంది. విప్పి చూడాలి. ఇలాగే తిప్పారంటే ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద ఆగిపోద్ది."

"విప్పకుండా చెప్పలేవా?" అన్నారు మా ఆయన.

"నేను సోది చెప్పేవాణ్ణి కాదు సార్."

పాత కారుకు గుండె ఆపరేషనా అని దారంతా నవ్వుతూ వచ్చారు మా ఆయన. దీపం మాత్రం నవ్వలేదు. ఎన్నిసార్లు నోరు నొక్కినా తిరిగొచ్చి అదే మాట చెప్పే మొండిఘటం మా ఇంట్లో ఇంకొకటుంటే చూపించండి!

మొన్న ఆదివారం పొద్దున్నే మొదటి మెకానిక్ ఇంటికొచ్చి దీపం ఆర్పి వెళ్లాడు. వెనకాలే, మా ఆయన అమ్మకానికి పెట్టిన ఆ కారు కొనడానికి ఒకామె వచ్చింది. నా వయసే. చంకలో బాబు.

"రోజూ వంతెన దాటి వీణ్ణి మా అమ్మ దగ్గర దింపి పనికెళ్లాలన్నయ్యా," అంది. "లైట్లేం వెలగట్లేదు కదా?"

"నువ్వే చూడమ్మా! అద్దంలా ఉంది."

నా చంకలోంచి పాప కూడా వంగి చూసింది. "బాతేదీ?" అంది.

"బాతు బొమ్మ పోయిందా తల్లీ? దొరుకుతుందిలే," అని ఆమె పాప బుగ్గ నిమిరింది.

నేను నోరు తెరిచాను.

"లోపల పాలు పొంగుతున్నాయేమో చూడు," అన్నారు మా ఆయన, ఎంతో మెల్లగా.

వెళ్లి చూశాను. పొయ్యి మీద పాలు లేవు. పొయ్యే వెలిగించి లేదు! బయటికి పరుగెత్తుకొచ్చేసరికి డబ్బు మా ఆయన జేబులో ఉంది, కారు వీధి మలుపు తిరిగిపోయింది. ఆమె ఫోన్ నంబరు ఇమ్మని మా ఆయన్ను అడిగాను.

"బేరం అయ్యాక నంబరెందుకు? తీసేశా."

ఇప్పుడు మా ఇంట్లో ఏ దీపమూ వెలగడం లేదు. అందరూ హాయిగా ఉన్నారు. నా భయం కూడా కారుతో పాటే అమ్ముడుపోయింది. ఆమెకు తెలియకుండా ఆ బాబు పక్కన, వెనక సీట్లో కూర్చుంది.

బూడిద రంగు పాత కారండీ. వెనక అద్దం మీద మా పాప అంటించిన ఎర్ర చేప స్టిక్కరు సగం చిరిగి ఉంటుంది. ఏ వంతెన దగ్గరైనా గుటకలు మింగుతూ కనబడితే హారన్ కొట్టి దాటిపోకండి. పక్కకు ఆపించి, ఆమెనూ ఆ బాబునూ ఒక్కసారి చూడండి. ఇంజిన్ విప్పించి చైన్ చూపించుకోమనండి.

"దీపమేం వెలగట్లేదే!" అంటుంది.

అందుకే ఆపామని చెప్పండి.