పావంగుళం గట్టు

ఆ శనివారం సర్వేయరుగారి కార్యక్రమం చాలా చిన్నది. పొద్దున వంశవృక్షం ప్రింటు తీయడం, సాయంత్రం నాలుగింటికి దాన్ని పెద్దక్కయ్య చేతిలో పెట్టడం. మధ్యలో ఒక కునుకు తీయడానికి కూడా వీలుంటుందని ఆయన లెక్క.

పెద్దక్కయ్య ఆ ఇంటి గడప తొక్కి తొమ్మిదేళ్ళయింది. అప్పట్లో కుటుంబమంతా తీయించుకున్న ఫోటోలో, పెద్దరికానికి తగ్గట్టు ఆవిణ్ణి కుడి చివర కూర్చోబెట్టారు. పటం కట్టినవాడు ఫ్రేములో పట్టడం లేదని ఆ చివర కాస్త కోసేశాడు. ఆవిడ భుజం ఒకటి, చెవి ఒకటి పోయాయి. ఆ పటం హాల్లో తగిలించిన రోజున ఆవిడ కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది. బతిమాలగా బతిమాలగా ఇన్నాళ్ళకు వస్తానంది. ఈసారి ఆవిడకు వెంట్రుకవాసి కూడా లోటు రాకూడదు.

రిటైరైన ఈ సర్వేయరుగారు జాబితా రాసిస్తే, ఆయన కోడలు దాన్ని కంప్యూటర్లో గళ్ళ షీటుగా చేసింది. ఐదు తరాలు, ఎనభై ఆరు పేర్లు. సర్వేయరుగారు కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశారు. ఊళ్ళకు ఊళ్ళు కొలిచి పటాలు గీసిన మనిషి, సొంత మనుషుల పటం చూడటం అదే మొదలు. చూసి అన్న మొదటి మాట ఇది:

"చుట్టూ ఈ తెల్లటి జాగా ఎవరిదమ్మా?"

"ఎవరిదీ కాదు మామయ్యగారూ, మార్జిన్."

"ఎవరిదీ కాని జాగా అంటూ ఉండదు తల్లీ. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను చూడలేదు."

"కొంచెం వదలాలండీ."

"ఇవాళ ముప్పావంగుళం వదిలితే రేపు మూరెడు పోతుంది. నువ్వెళ్ళు, నేను చూసుకుంటా."

కోడలు వంటింట్లోకి వెళ్ళగానే ఆయన నాలుగు మార్జిన్లనూ సున్నా చేశారు. కలిసొచ్చిన జాగాలో అక్షరాలను పెద్దవి చేశారు. గౌరవం కొద్దీ అక్కయ్య శాఖను మళ్ళీ కుడి చివరకే చేర్చారు. ప్రింటు నొక్కితే తెర మీద హెచ్చరిక వచ్చింది: మార్జిన్లు ప్రింటరు హద్దు దాటాయి, అయినా కానివ్వాలా? ఇలాంటి అభ్యంతరాలు ఆయన ఉద్యోగంలో బోలెడు చూశారు. కానిమ్మన్నారు.

బయటికొచ్చిన కాగితంలో అక్కయ్య పేరుకు చివరి అక్షరం లేదు.

ఏ పటమైనా ముందు ప్రకటించి, అభ్యంతరాలు పిలిచి, ఆ పైన ఖాయం చేయడం ఆయన పద్ధతి. ఆ అలవాటు కొద్దీ కాగితాన్ని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టి, 'సలహాలు తెలుపగలరు' అని రాశారు. అందరికంటే ముందు తెలిపింది పెద్దక్కయ్యే. "చూశాను." మూడే అక్షరాలు.

మందుల షాపు తమ్ముడు వెంటనే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆవిణ్ణి మళ్ళీ కోశావా?"

"నేను కాదురా, మిషను."

"అప్పుడు పటం కట్టినవాడన్నావు. ముందు ఆవిణ్ణి ఎడమవైపుకు మార్చు."

మార్చారు. ఈసారి అక్కయ్యకు మొదటి అక్షరం పోయింది. జరిగి జరిగి కుడి చివరకు చేరిన మందుల షాపు తమ్ముడికి ఆఖరి అక్షరం పోయింది. దాన్నీ ప్రకటించారు. తమ్ముడు ఈసారి ఫోన్ చేయలేదు, వాళ్ళావిడ చేసింది. అందరినీ లోపలికి నెట్టి, వరుసలను కిందికి దింపి మూడో ప్రింటు తీస్తే అడుగు వరుస మొత్తం మాయం. ఆ వరుసలో ఉన్నది పదకొండుమంది పసిపిల్లలు, వాళ్ళ వెనకాల ఉన్నది పదకొండుమంది తల్లులు. మధ్యాహ్నానికి ఫోను అన్నం తిననివ్వలేదు.

కోడలు ప్రింటరు మెకానిక్కును పిలిపించింది. అతను మూత ఎత్తి టార్చి వేశాడు.

"మిషను బాగానే ఉంది సార్. ఇటు చూడండి."

లోపల చిటికెనవేలి గోరంత రబ్బరు చక్రాలు వరుసగా ఉన్నాయి.

"ఇవి కాగితాన్ని పట్టుకుని లాగుతాయి. పట్టు వదలకుండా చివరిదాకా రాయడం దీని వల్ల కాదు. ఒక్కో మిషనుకు ఒక్కో హద్దు. దీనికి పక్కల పావంగుళం, కింద అరంగుళం. మీరు సున్నా పెట్టుకుంటే పెట్టుకోండి, దాని చెయ్యి మాత్రం అక్కడిదాకా రాదు."

"అంటే గట్టన్నమాట," అన్నారు సర్వేయరుగారు నెమ్మదిగా.

"గట్టే సార్. దున్నేవాడికి నిలబడే చోటు కావద్దా?"

సర్వేయరుగారు వంగి ఒక చక్రాన్ని వేలికొసతో తిప్పి చూశారు. అది మెత్తగా తిరిగి ఆగింది. జీవితమంతా కొలిచిన పొలాల్లో గట్టు లేని పొలం ఒక్కటీ లేదు. ఇంత చిన్న పెట్టెకు ఆ సంగతి తెలుసు, తనకు తెలియలేదు. మెకానిక్కు మూత వేయబోతే, "ఉండు బాబూ, ఇంకోసారి చూడనీ," అన్నారు.

"అమ్మా, నీ ముప్పావంగుళం నీకు వదిలేశాను," అన్నారు ఆ తరువాత కోడలితో. నాలుగో ప్రింటులో అందరూ తల, తోకలతో సహా వచ్చారు.

నాలుగింటికి పెద్దక్కయ్య వచ్చింది. కుర్చీలో కూర్చుని కాగితం అందుకుంది.

"పూర్తిగానే ఉన్నానే."

"అక్కయ్యా, పొద్దున జరిగింది..."

"చెప్పకు. నన్ను కోశారని కాదురా అప్పటి కోపం. ఆ పటం కిందే కూర్చుని అందరూ కాఫీలు తాగారు, ఒక్కరి కళ్ళకైనా నా భుజం లేనట్టు ఆనలేదు. ఇవాళ నా పేరు తోక ఊడిందని నాకు పదిహేడు ఫోన్లొచ్చాయి."

సర్వేయరుగారి ప్రాణం కుదుటపడింది. అంతలో అక్కయ్య వేలు కాగితం మీద ఆగింది.

"ఇదంతా చేసిందెవరు?"

"కోడలు."

"మరి ఆ పిల్ల పేరేది?"

కాఫీ తెచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగింది. "జాబితాలో లేదండీ," అంది మెల్లగా.

"ఈ ఇంట్లో పుట్టినవాళ్ళవే రాశానక్కయ్యా," అన్నారు సర్వేయరుగారు.

"మరి అమ్మేదిరా?"

ఆయన కాగితం తీసుకుని పై నుంచి కిందిదాకా వెతికారు. ఎనభై ఆరు పేర్లు. అమ్మ లేదు.

"మిషను మింగింది పావంగుళమే," అంది పెద్దక్కయ్య, పెన్ను మూత తీస్తూ. ముందు అమ్మ పేరు రాసింది, తరువాత కోడలి పేరు. ఆ పైన నాయనమ్మ నుంచి మందుల షాపు తమ్ముడి భార్య దాకా ఇంటికి వచ్చిన ఆడవాళ్ళందరి పేర్లూ తెల్లటి జాగాలో నాలుగు పక్కలా రాసుకుంటూ పోయింది. సర్వేయరుగారు కాగితం కదలకుండా అంచు పట్టుకుని, ఆ జాగాలో ఎంతమంది పడతారో కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయారు.

రాయడం అయ్యాక ఆవిడ పెన్ను ఆయనకిచ్చింది. "కింద సంతకం పెట్టు."

ఆక్రమణకు సంతకం పెట్టడం ఆయనకు అదే మొదటిసారి.