తూర్పు నుంచి ముగ్గురు

"ఇబ్రహీంపట్నంల తప్పు చేసేటోడు ముందుగాల దేవునికి మొక్కడు అలీ భాయ్. నారయ్య ఊళ్లె ఉన్నడా అని అడుగుతడు" అన్నాడు జాసూస్ నారయ్య.

తన దుకాణం అరుగు మీద అహ్మద్ అలీ బీడీ చుట్టడం ఆపలేదు. ఈ మాట పొద్దుటి నుంచి వినడం మూడోసారి.

జాసూస్, అంటే గూఢచారి, అన్నది నారయ్య తనకు తానే ఇచ్చుకున్న బిరుదు. పదేళ్ళు ఊరూరా టపా మోశాడు. కవరు చేత్తో పట్టుకుంటే చాలు, లోపల చావు కబురో పెండ్లి కబురో బరువును బట్టి చెప్పేవాడు. ఆ విధంగా రెండు పెండ్లి ఇండ్లలో ముందుగా ఏడుపులు పుట్టించాడు. ప్రభుత్వం మారి ఉద్యోగం పోయింది గానీ తూచే అలవాటు పోలేదు. ఇప్పుడు మనుషులను తూస్తున్నాడు.

కొత్తగల్లీలో తూచడానికి మనుషులు బాగానే ఉన్నారు. రోడ్డు పక్కన లేచిన పన్నెండు ఇండ్లు. రజాకార్లకు భయపడి వచ్చినవాళ్ళున్నారు, దళాలకు భయపడి వచ్చినవాళ్ళున్నారు, మిలిటరీకి భయపడి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎవరికి భయపడి వచ్చారో అడగకపోవడమే ఆ గల్లీ మర్యాద. ఒకరి పొయ్యిలో నిప్పు ఇంకొకరు తెచ్చుకునేవారు, ఒకరి పిల్లను ఇంకొకరు జోకొట్టేవారు, ఏ ఊరని మాత్రం అడిగేవారు కాదు. నారయ్య ఒక్కడే అడిగేవాడు. అడిగినా చెప్పకపోతే సొంతంగా తేల్చేవాడు. బిందె ఎడమ సంకన పెట్టుకుంటుందని రుక్కమ్మను కమ్యూనిస్టుల్లో కలిపేశాడు.

"ఆ కొత్తగ వచ్చిన మత్తయి సంగతి తేలింది" అన్నాడు నారయ్య, గొంతు తగ్గించి. "సంఘపోడు."

అహ్మద్ అలీ చేతులు ఆగాయి.

సంఘం అంటే కమ్యూనిస్టులని ఆ రోజుల్లో తెలియనివాడు లేడు. తూర్పున నల్గొండ దిక్కు ఊళ్ళకు ఊళ్ళు సంఘం మాట మీద నడుస్తున్నాయి. యూనియన్ మిలిటరీ వచ్చి మూడు నెలలైంది. నిజాం ప్రభువు లొంగిపోయాక ఇప్పుడు వాళ్ళు వెతుకుతున్నది సంఘపోళ్ళనే. ఊరికి తూర్పున గుడారాలు వేసుకుని కూర్చున్నారు.

"ఎవలు చెప్పిన్రు?"

"నా చెవులు. గోడవతల కూసొని విన్న. ఐతారం సంఘం కూడుతది అన్నడు పెండ్లాంతోని. ఇంటి మీద ఎర్ర కాయితం సుక్క కట్టిండు, నువ్వు జూడలే?"

"పిల్లలకు కట్టిండనుకున్న."

"గదే నీకూ నాకూ ఫరక్. ఇంక విను. తూర్పు నుంచి ముగ్గురు వస్తరట. సుక్కను చూస్కుంట తోవ పడ్తరట. బంగారం తెస్తరట, ఏ దొర గడి పగలగొట్టిన్రో. బాంబులు గూడ తెస్తరట. పోయేటప్పుడు రాజుకు తెల్వకుండ వేరే తోవల పోతరట."

చుడుతున్న తునికాకు చిరిగింది.

"ఇంక పేర్లు. మత్తయి. ప్రేమమ్మ. కన్నోళ్ళు గట్ల పెడ్తరా భాయ్? దళంల పెట్టిన పేర్లవి." నారయ్య అంగీ జేబులోంచి మడత కాగితం తీశాడు. "కాంపుకు అర్జీ. ఇచ్చొస్త."

అహ్మద్ అలీకి ఆ కాగితం తప్ప ఇంకేదీ కనిపించలేదు. కాంపువాళ్ళు ఒక ఇంటి కోసం వస్తే ఒక ఇల్లే చూసిపోరు. రోడ్డు నుంచి మొదటి తలుపు తనది. పేరు అడుగుతారు. పేరు చెప్పాక రెండో ప్రశ్న ఉండదు. తమ్ముడు ఇసాక్‌ను పేరు అడిగే తీసుకుపోయారు. పదకొండు రోజులకు వదిలిపెట్టారు. వాడు ఇప్పుడు అన్నం పెట్టమని కూడా నోటితో అడగడు. ఆ పదకొండు రోజుల్లోనే అహ్మద్ అలీ చూడగానే ముసల్మానని చెప్పే తన రూమీ టోపీని పెట్టె అడుగున దాచాడు. అప్పటి నుంచి ఎదురొచ్చిన ప్రతివాడికీ తానే ముందు దండం పెడుతున్నాడు. చేయి తనకు తెలియకుండానే లేస్తుంది.

"నారయ్యా" అన్నాడు మెల్లగా. "ఇంత పెద్ద జాసూస్‌వి. ఆ ముగ్గుర్ని కండ్లార చూడకుండనే రాస్తివా? చూసినవా అని కాంపు దొర అడిగితే ఏమంటవ్?"

నారయ్యకు మిగిలినదంతా వినబడలేదు గానీ 'పెద్ద' అన్న మాట వినబడింది. కాగితం మళ్ళీ జేబులోకి పోయింది.

"అవ్. మారువేషం కావాలె."

ఆ మధ్యాహ్నం మారువేషం బయలుదేరింది. మిట్టఎండలో నల్ల గొంగడి తల మీద నుంచి కప్పుకుని నారయ్య గల్లీలో నడిచాడు. పక్కింటి నర్సింహమ్మ తన గడపలోంచి, "జరమొచ్చిందా నారయ్యా" అని అడిగింది. ఎవరూ తనను గుర్తుపట్టలేదని నారయ్య తృప్తిపడ్డాడు. ఆ జేబులోని కాగితం మీదే చూపు పెట్టి అహ్మద్ అలీ వెనకాలే పోయాడు.

మత్తయి వాకిట్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ప్రేమమ్మ గొంగడిని చూసి ఎదురొచ్చింది.

"నారయ్యన్నా, నువ్వా? మా కష్టం ఎరిగినట్టె వచ్చినవ్. గొర్లకాపరి వేషానికి కందుకూరు నుంచి దానియేలు రావాలె, రాలే. ఈ కట్టె పట్టుకొని గీడ నిలబడు."

నారయ్య కట్టె పుచ్చుకుని అహ్మద్ అలీ చెవిలో, "లోపలికి చొరబడ్డ. నన్ను సంఘంల కలుపుకున్నరు" అన్నాడు.

"భాయ్, నువ్వు గూడ జర ఆగు" అన్నాడు మత్తయి. "తూర్పు రాజులు ముగ్గురు. మాకు ఇద్దరే దొరికిన్రు. బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చి పిల్లగాని ముందర పెట్టాలె, గంతే."

"ఏ పిల్లగాడు?"

"యేసయ్య. ఎల్లుండి గదా పుట్టిన పండుగ."

అహ్మద్ అలీ చూరుకు వేలాడే సుక్కను మళ్ళీ చూశాడు. యేసయ్య అంటే తమ ఈసా నబీయే. ఆ కథ చిన్నప్పుడు నానమ్మ ఒడిలో తానూ విన్నాడు. నెలల తరబడి గుండెల మీద కూర్చున్నదేదో లేచి పక్కకు జరిగినట్టయింది. బోళం నారయ్య చెవిలో బాంబులైనందుకు నవ్వు వచ్చింది. "నారయ్యా, ఇది ఆట" అన్నాడు.

"మారువేషమంటే గదే భాయ్. పైకి ఆట."

"రాజుకు కిరీటం లేదు" అంది ప్రేమమ్మ. "నీ ఇంట్ల రూమీ టోపీ ఉంటదా?"

ఇంకో రోజైతే లేదనేవాడు. ఆ సంతోషంలో ఇంటికి పోయి పెట్టె అడుగు నుంచి టోపీ తీసి, దులిపి, పెట్టుకుని వచ్చాడు. ఎర్ర టోపీ, నల్ల కుచ్చు. మత్తయి ఒక డబ్బా చేతికిచ్చాడు.

అప్పుడు బూట్ల చప్పుడు వినిపించింది.

గల్లీలో తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. ఒక హవల్దారు, వెనక ఇద్దరు జవాన్లు వాకిట్లోకి వచ్చారు. అహ్మద్ అలీ చేయి టోపీ మీదికి పోబోయి మధ్యలో ఆగింది. ఉంచుకుంటే ఒక నేరం, తీస్తే రెండు.

సంఘంలో దొరికిపోయానని నారయ్యకు అర్థమైంది. గొంగడి, కట్టె పారేసి ముందుకు ఉరికాడు. "నేను సంఘపోన్ని గాదు సాబ్. అర్జీ రాసింది నేనే." కాగితం కోసం అహ్మద్ అలీ చాచిన చేయి జానెడు దూరంలో ఆగిపోయింది.

హవల్దారు మడత విప్పాడు. సర్కారు జిల్లాల మనిషి, తెలుగు చదువు వచ్చు. పైకే చదివాడు.

"మహారాజశ్రీ కాంపు దొరవారికి నారయ్య దండములు. కొత్తగల్లీలో మత్తయి ఇంట సంఘము కూడుచున్నది. ఇంటి మీద ఎర్ర చుక్కయే గుర్తు. తూర్పు నుండి ముగ్గురు బంగారముతో వచ్చుచున్నారు. బాంబులు..."

ఆగాడు. తల ఎత్తి అందరినీ చూశాడు. మత్తయికి ఏమీ అర్థంకాలేదు. నారయ్య కండ్లు మూసుకున్నాడు.

మూడు నెలలుగా సిపాయిల ముందు నోరు విప్పని మనిషి అహ్మద్ అలీ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పటాకలు సాబ్. పండుగకు."

హవల్దారు చూపు టోపీ మీద, చేతిలోని డబ్బా మీద, చివరికి చూరుకు వేలాడే సుక్క మీద నిలిచింది. మిగిలినది చదివాడు. "బాంబులును కలవు. తమరు సపరివారముగా తప్పక దయచేయవలెను." కాగితం మడిచి గుండె జేబులో పెట్టుకున్నాడు.

"మా ఊళ్ళో కూడా కాలుస్తామండీ క్రిస్మస్‌కి" అన్నాడు. "రోడ్డు మీంచి నక్షత్రం కనబడింది. మన క్రైస్తవ సంఘం వాళ్ళెవరో ఉన్నారు, కాస్త పలకరిద్దామని వచ్చాం. మీరు ముందే పిలుపు రాసి ఉంచారు. ఇల్లు చూసి రెండేళ్ళయిందండి. ఈ ఊళ్ళో మమ్మల్ని చూసి తలుపులు వేసుకోవడమే గానీ దయచేయమన్న మనిషి లేడు." నారయ్య చేతులు రెండూ పట్టుకుని ఊపాడు. పోతూ పోతూ అహ్మద్ అలీ ముందు ఆగాడు. "రాజుగారి టోపీ బాగుందండీ. పండగనాడూ ఇదే పెట్టండి."

పొద్దు వాలుతుండగా నారయ్య వచ్చి అహ్మద్ అలీ దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. సిగ్గుపడతాడేమోనని అహ్మద్ అలీ ఎదురుచూశాడు.

"లెక్క తప్పిందా?" అన్నాడు నారయ్య. "తూర్పు నుంచి ముగ్గురు వస్తరని రాసిన. కాంపు ఏ దిక్కున ఉంది? ఎంతమంది వచ్చిన్రు? ఏం చూస్కుంట వచ్చిన్రు?"

అహ్మద్ అలీ బీడీల చాట పక్కన పెట్టాడు. లేచి టోపీ తీసి లోపల పెట్టె మూత ఎత్తాడు. ఎత్తినవాడు మూత మళ్ళీ దించి, దుకాణం గోడకు రోడ్డు మీదికి కనిపించే మేకుకు టోపీ తగిలించాడు.

నారయ్య దాన్ని చాలాసేపు తూచినట్టు చూశాడు.

"ఇంతకూ నువ్వు ఏ దిక్కు అలీ భాయ్?"

"తూర్పు" అన్నాడు అహ్మద్ అలీ, ఇంకో ఆకు అందుకుంటూ.