శఠగోపం గారి ఆఖరి షికారు

తెల్లారగానే బయలుదేరి, ఎండ ముదరకముందే నాయనను సముద్రంలో కలిపి, మధ్యాహ్నం భోజనానికి తిరుపతి చేరుకోవాలని గోదా అనుకున్నది. కలిపేది అన్న పరాశర్. తీసుకుపోయేది పరాశర్ కారు. కారు వెనక తగిలించి లాక్కుపోవలసింది నాయన పడవ. ఈ ఏర్పాటులో ఆమె అనుకోనిది ఒక్కటే, తల్లి రంగనాయకమ్మ కూడా వచ్చి కారెక్కి కూర్చోవడం.

"ఆడోళ్లు రాకూడదమ్మా దీనికి," అన్నాడు పరాశర్.

"మరి గోదా?"

"దానికి పడవ సంగతి తెలుసు."

"నాకు ఆయన సంగతి తెలుసు," అన్నది రంగనాయకమ్మ, అస్థికల ముంతను ఒళ్లో సర్దుకుంటూ.

శఠగోపం గారు దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఇక పారాయణాలకు కూర్చుంటాడని అందరూ అనుకుంటుంటే, ఆయన చెన్నై వెళ్లి ఎవరో వాడి వదిలేసిన చిన్న కాటమరాన్ కొనుక్కొచ్చాడు. సన్నటి ఫైబర్ పడవలు రెండు పక్కపక్కన, వాటి మధ్య మంచంలా బిగించిన గట్టి గుడ్డ, దాని మీద ఒక కొయ్య, ఒక తెరచాప. నెలకోసారి దాన్ని తూపిలిపాళెం తీరానికి లాక్కుపోయి, ఒళ్లంతా ఉప్పుతో, మొహమంతా నవ్వుతో తిరిగొచ్చేవాడు. గోదా అప్పుడప్పుడూ తోడు వెళ్లేది. రంగనాయకమ్మ మాత్రం ఏనాడూ దాని మీద కాలు పెట్టలేదు. ఆమె నోట దానికి పడవ అనే పేరు కూడా లేదు. 'అది' అనేది, అంతే.

ఆసుపత్రిలో ఆయన చివరిగా మాట్లాడింది గోదాతోనే. "నన్ను నా పడవలోనే తీసకపోండి," అన్నాడు. తర్వాత కళ్లు తెరవలేదు. పరాశర్ ఆ మాట నమ్మలేదు. మందుల మత్తులో ఏదో గొణిగి ఉంటాడని, గోదా దాన్ని తనకు కావలసినట్టు విన్నదని అన్నాడు. రంగనాయకమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "అంతేనా? ఇంకేమీ అన్లేదా?" అని ఒక్కసారి అడిగి ఊరుకున్నది. నీ గురించి కూడా అడిగినాడమ్మా అని ఒక అబద్ధం చెప్పి ఉండాల్సిందని గోదాకు ఆలస్యంగా తోచింది. ఇప్పుడు చెబితే అబద్ధమని తెలిసిపోతుంది.

రేణిగుంట దాటాక అటవీ సిబ్బంది కారు ఆపారు. ఆ దారిలో టార్పాలిన్ కప్పి, తాళ్లతో బిగించి, పొడుగ్గా ఏది పోతున్నా వాళ్లకు ఎర్రచందనం దుంగల్లాగే కనిపిస్తుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

"ఏముండాది లోపల?" అని లాఠీతో టార్పాలిన్ మీద కొట్టాడు ఒకాయన.

ఖాకీ బట్టలు చూస్తే పరాశర్‌కు చిన్నప్పటి నుంచీ నాలుక తడారిపోతుంది. లోపల మా నాయన పడవ ఉంది సార్ అని చెప్పాలనుకున్నాడు. సగం దాకా చెప్పగలిగాడు.

"లోపల... మా నాయన..."

లాఠీ ఆయన ఒక్క గంతులో వెనక్కి పోయాడు. మరొకాయన అప్పటికే ఫోన్ చెవికి ఆనించి, తిరుపతి వాళ్లెవరో శవాన్ని దుంగల్లో దాచి తీసుకుపోతున్నారని ఎవరికో చెప్పేస్తున్నాడు. తాళ్లు విప్పించారు. పడవల మూతలు తెరిపించారు. ఒకరి తర్వాత ఒకరు లోపలికి తల పెట్టి చూశారు. చివరికి రంగనాయకమ్మ కారు దిగకుండానే ముంతను కిటికీలోంచి చూపించింది.

"ఈయన కోసమేనా ఎతుకుతా ఉండేది? ఈడుండాడు."

లాఠీ ఆయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. తాళ్లు తానే మళ్లీ కట్టించాడు. అంత మర్యాదలోనూ ఆ ఫోన్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. కారు నాయుడుపేట చేరేలోగా శవం వార్త వాకాడు చేరింది. వాకాడు దాటేలోగా తీరానికి చేరింది.

తూపిలిపాళెం ఇసుక మొదలయ్యే చోట ఊరు ఊరంతా అడ్డంగా నిలబడి ఉంది. ముందు ఒక ముసలామె కొంగు నడుముకు దోపుకుని నిలబడింది.

"మీ శవాన్ని తెచ్చి మా నీళ్లల్లో ఏస్తే మేం వల యాడ ఏసుకునేది? మీకు తిరపతిలో జాగా లేదా?"

పరాశర్ అద్దం పైకెత్తుకున్నాడు. అప్పుడు గుంపులోంచి శాంతయ్య అనే జాలరి ముందుకొచ్చి టార్పాలిన్ ఎత్తి చూశాడు. శఠగోపం గారు వచ్చినప్పుడల్లా ఆ పడవను నీళ్లలోకి నెట్టింది అతనే.

"ఇది మన సామి పడవ గదా! పాపా, సామి యాడ?" అని గోదాను అడిగాడు.

గోదా వెనక్కి తిరిగింది. కారులో తల్లి ఒళ్లోకి చూసింది. శాంతయ్య ఆ చూపు వెంటే చూశాడు. చూసి, ఉన్నచోటనే ఇసుకలో కూలబడ్డాడు. "పోయిన నెల నాతో చేపల కూర వాసన బాగుండాది అన్న్యాడే," అన్నాడు. రంగనాయకమ్మ ఈ కొత్త సంగతిని చెవిన వేసుకున్నది.

అప్పటిదాకా అడ్డుకున్న ఊరు ఆ క్షణం నుంచి సాయానికి దిగింది. అసలు కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఇసుకలోకి కారు దించొద్దని గోదా చెబుతూనే ఉంది. పరాశర్ దించాడు. చక్రాలు గిర్రున తిరిగి, తమ గుంత తామే తవ్వుకుని కూర్చున్నాయి. రొయ్యల చెరువుల ధర్మేంద్ర ట్రాక్టర్ తెచ్చాడు. ఎవరో మోకు తెచ్చి కారు ముందు బంపర్‌కు కట్టారు. ట్రాక్టర్ లాగింది, బంపర్ వచ్చింది. కారు రాలేదు.

"పోనీలెండి సార్, ముందు పని గానీండి," అని ధర్మేంద్ర ఊడిన బంపర్‌ను పరాశర్ చేతికి మర్యాదగా ఇచ్చాడు.

పడవ ఉన్న బండిని కారు నుంచి విప్పి మనుషులే లాగారు. దాని సన్న చక్రాలు కూడా ఇసుకలో దిగిపోయాయి. చివరికి ఊరివాళ్లు పడవను భుజాలకెత్తుకున్నారు. నలుగురు చాలే చోట ఇరవై మంది చేరారు. ఎవరో అలవాటు చొప్పున "గోవిందా" అన్నారు. అందరూ అందుకున్నారు. బంపర్ పట్టుకుని ముందు నడుస్తున్న పరాశర్‌ను చూస్తే, నాయన పాడె మళ్లీ లేచినట్టు గోదాకు అనిపించింది.

పడవ మోకాలి లోతు నీళ్లలో తేలింది. గోదా కొయ్య నిలబెట్టి తెరచాప ఎత్తింది. ముంతను నేల మీద పెట్టకూడదు గనక, ఇసుక కాళ్లు కాలుస్తోంది గనక, రంగనాయకమ్మను ముంతతో సహా పడవ మధ్య గుడ్డ మీద కూర్చోబెట్టారు. నాయన నారింజ రంగు లైఫ్ జాకెట్‌ను గోదా బలవంతంగా తల్లికి తొడిగింది. ఇక లోపలికి పోయేది ఎవరనే మాట వచ్చింది.

"కొడుకును నేనుండంగా నువ్వెట్ల కలుపుతావు?" అన్నాడు పరాశర్.

"కలిపేది నువ్వే. నడిపేది నేను. నీకు చుక్కాని యాడుందో తెలుసునా?"

"ఆయన చెప్పినాడు, ఆయన చెప్పినాడు అని ఈడిదాకా తెచ్చినావు. కారు పాయె, మానం పాయె. అసలు నాయన ఆ మాట అన్నాడో లేదో!"

"నేను అబద్ధం చెప్పినానా అన్నా? నాయన సావు మీద అబద్ధం చెప్పినానా?"

పొద్దుటి గాలి నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తోంది. తెరచాప వదులుగా పటపట కొట్టుకుంటోంది. ఆ చప్పుడులో తన మాట వినిపించడం లేదని పరాశర్ విసుక్కుని, తెరచాప నుంచి వేలాడుతున్న తాడును గుంజి గట్టిగా కట్టేశాడు. గోదా చేతిలోని పడవ తాడు వదిలేసి, రెండు చేతులూ ఊపుతూ అన్న మీదికి పోయింది. పడవను పట్టుకున్న వాళ్లు తగువు బాగా వినడం కోసం నాలుగడుగులు ఇటు జరిగారు.

గాలి నిండి తెరచాప చప్పుడు ఆగింది. అది మొదట గమనించింది శాంతయ్య.

"అమ్మా!" అని అరిచాడు.

పడవ అప్పటికే మొదటి అల ఎక్కి దిగింది. రంగనాయకమ్మ ఒక చేత్తో ముంతను, ఒక చేత్తో కొయ్యను పట్టుకుని తీరం వైపు చూసింది. అరవలేదు. రెండో అల దాటాక ఆమె నారింజ రంగు మచ్చ అయింది. గోదా గొంతు దాకా నీళ్లలోకి పరిగెత్తితే ఇద్దరు ఆడవాళ్లు జుట్టు పట్టుకుని వెనక్కి లాగారు.

శాంతయ్య వాళ్లు మోటారు పడవ దించారు. మోటారు అంత తొందరగా స్టార్ట్ కాలేదు. అయ్యేసరికి సముద్రం మీద ఏ మచ్చా లేదు. ఎటు పోయిందో తలా ఒక దిక్కు చూపించారు. ఒకరు దక్షిణాన రాకెట్ కేంద్రం వైపన్నారు, ఇంకొకరు ఉత్తరమన్నారు. శాంతయ్య వాళ్ల మోటారు పడవ ఏదో ఒక దిక్కుకు పోయింది.

గోదా ఇసుకలో కూర్చున్నది. పరాశర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ తెలుసు, తల్లికి ఈత రాదు. పదిహేను రోజుల్లోపలే రెండోసారి బంధువులకు ఫోన్ చెయ్యాలి, ఏమని చెయ్యాలి? నాయన ఆ మాట తనతో చెప్పకుండా పోయి ఉంటే బాగుండేదని గోదాకు అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వు అబద్ధం చెప్పవు. నాకు తెలుసు," అన్నాడు పరాశర్. "ఆ మాట నాతో చెప్పకుండా నీతో చెప్పినాడే అని..."  గోదా అతని చేయి పట్టుకున్నది. 

ఎండ నడినెత్తికి వచ్చి, గాలి తిరిగి సముద్రం నుంచి వీయడం మొదలైంది. అప్పుడు కనిపించింది. ముందు మోటారు పడవ, దాని వెనక తాడు కట్టిన కాటమరాన్, దాని మీద నారింజ రంగు. తీరమంతా ఒక్కసారిగా గోల చేసింది. రంగనాయకమ్మ తడిసి ముద్దయి, నెరిసిన జుట్టు ముడి ఊడిపోయి, నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ముంత లేదు.

"అమ్మ మమ్మల్ని దగ్గిరికి రానీలేదు పాపా," అన్నాడు శాంతయ్య ఇంకా బిత్తరపోతూనే. "తాడు ఇస్తామంటే ఒద్దన్నది. 'మా ఆయనతో మాట్లాడతా ఉండాను, కాసేపు ఆగండప్పా' అన్నది. మేం దూరంగా నిలబడినాము. శానాసేపు మాట్లాడింది."

గోదా తల్లిని చుట్టేసుకుని ఏడ్చింది. పరాశర్ ఏడుస్తూనే అడిగాడు. "ముంత యాడమ్మా?"

"కలిపేసినాను."

"నువ్వా? మంత్రం?"

"మంత్రాలు నాకు యాడ తెలుసు నాయనా. తిట్టినాను. ఇన్నేండ్లు కాపరం చేసి, పోతా పోతా నాకొక్క మాట చెప్పలేదని తిట్టినాను. చేపల కూర సంగతి కూడా అడిగినాను. ఏదీ మిగల్చలేదు. తిట్టీ తిట్టీ గొంతు పొయినాక, సరే పో అని వదిలిపెట్టినాను." కొంగు పిండుకుంటూ ఆమె పడవ వైపు తిరిగి చూసింది. "గాలికి బాగానే పోతాది. అంతదూరం పోయినాక చప్పుడే లేదు గోదా. ఒక్కసారి రమ్మని నన్ను గట్టిగా పిలిచి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?"

 గోదా తల్లి భుజాల మీద పొడి తువ్వాలు కప్పి, తడి జుట్టు తుడవసాగింది.

ఆ సాయంత్రం పరాశర్ బంధువులందరికీ ఫోన్లు చేసి, నిమజ్జనం తన చేతుల మీదుగా శాస్త్రోక్తంగా, ప్రశాంతంగా జరిగిందని పేరుపేరునా చెప్పాడు.