కాత్యాయని నాలుగో దూలం

ఆ మంగళవారం ఉదయం కాత్యాయని పథకం చాలా చిన్నది. పదింటికి దూలం విరగ్గొట్టాలి, పన్నెండింటికి అన్నం తినాలి, శుక్రవారం థీసిస్ ఇచ్చేయాలి. బెంగళూరులో ఇంజనీరింగ్ కాలేజీలో ఆరేళ్లుగా ఆమెకు ఒకటే ధ్యాస: ఇనుప కమ్మీలకు బదులు తుప్పు పట్టని గాజుపీచు కమ్మీలు వేసిన కాంక్రీటు దూలం ఎంత బరువుకు విరుగుతుంది? దానికొక సూత్రం కట్టింది. మూడు దూలాలు ఆ సూత్రం చెప్పినట్టే విల్లులా వంగి, ఎనిమిది టన్నుల దగ్గర ఢామ్మన్నాయి. నాలుగోదీ ఢామ్మంటే ఆరేళ్ల దూల తీరిపోతుంది.

నాలుగోది అనలేదు. పైనుంచి జాకీతో నొక్కుతుంటే ఎనిమిది టన్నులు, తొమ్మిది, పది! దూలం కింద కూర్చుని భూతద్దంతో బీటలు వెతుకుతున్న కాత్యాయనికి చెమటలు పట్టాయిగానీ, దూలానికి సన్న గీతలు తప్ప ఏమీ పట్టలేదు.

"సార్, నా సూత్రం తప్పు!"

"జాకీ ఆపు!" ప్రొఫెసర్ గురుమూర్తి గంతేశాడు. "సూత్రం పోతే పోనీవమ్మా, మనకు పేటెంట్ వస్తుంది! ఇది బీమ్ కాదు, భీముడు!"

"శుక్రవారం నా థీసిస్ సార్..."

"మళ్ళీ రాద్దువులే. ఇంకో ఆరేళ్లేగా!"

గురుమూర్తి డైరెక్టరుకు చెప్పాడు. డైరెక్టరు పేపరువాళ్లకు చెప్పాడు. బుధవారం పేపర్లో 'ఉక్కును మించిన పీచు' అని పడింది. గురువారం బెళ్ళందూరు బిల్డరు వెంకటగిరియప్ప గజమాలతో దిగాడు.

"నా అపార్ట్‌మెంట్లకు ఇదే కావాలప్పా!" అంటూ మాల దూలానికే వేశాడు. డైరెక్టరు కొబ్బరికాయ కొట్టాడు. ఆ దూలం పోసిన మేస్త్రీ మునిరాజు మాత్రం స్తంభం చాటుకు జరిగాడు.

అందరి ముందూ జాకీ మళ్ళీ ఎక్కించారు. పదకొండు... పదకొండున్నర... ఢాం!

దూలం బద్దలై, పచ్చటి పీచు కమ్మీల మధ్య నుంచి బొటనవేలంత లావు ఇనుప కమ్మి ఒకటి తొంగిచూసింది. దాని మెడలో పసుపుతాడు, పసుపుకొమ్ము.

"మునిరాజూ!" గురుమూర్తి అరిచాడు.

"ఏం చేసేది సార్? మూడు దూలాలు పగిలినప్పుడూ ఆ పాప కిందనే కూకోని ఉండాది. ఇనుము లేని కట్టడం యాడన్నా ఉండాదా? మనసొప్పలేదు. ఒక్కటంటే ఒక్కటి పెడితిని, పూజ చేసే పెడితిని."

కాత్యాయని అప్పటికే పెన్సిలందుకుంది. సూత్రంలోకి ఇనుప కమ్మిని కూడా ఎక్కించి లెక్క వేసింది. పదకొండున్నర!

"సార్, నా సూత్రం తప్పలేదు! మెడలో సూత్రం కట్టించుకున్నదే తప్పింది!"

వెంకటగిరియప్ప చప్పుడు చేయకుండా మాల తీసుకున్నాడు. గురుమూర్తి పేటెంట్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ నీరసంగా అడిగాడు.

"ఇంకేమన్నా వేశావా నాయనా అందులో?"

మునిరాజు బుర్ర గోక్కున్నాడు. "ఇంకేం లేదు సార్. ఒక నిమ్మకాయ."

శుక్రవారం థీసిస్ అందింది. నిమ్మకాయ బలాన్ని లెక్కలోకి తీసుకోలేదని చివరి పేజీలో రాసి ఉంది.