పక్క సీటు తలుపు

టెస్సాను తనకిచ్చి పెళ్లి చేయమని ఆమె తండ్రి హాగ్లండ్‌ను ఆ ఉదయం అడిగెయ్యాలని ట్రావిస్ నిశ్చయించుకున్నాడు. పశువుల వేలానికి ఆయన్ను తన పికప్పులోనే తీసుకెళ్తున్నాడు. దారిలో మాట కదపవచ్చు. చిక్కల్లా పక్క సీటు తలుపే. దాని తాళం కొన్నాళ్లుగా పట్టేస్తోంది. "బండిని చూసుకోలేనివాడు పిల్లనేం చూసుకుంటాడు?" అని హాగ్లండ్ ఒకసారి కూతురితో అన్నాడట.

అందుకే పొద్దున్నే ఇంటి ముందు తలుపు లోపలి అట్ట విప్పి, తాళానికి గ్రీజు పూసి, మళ్లీ బిగించాడు. బిగిస్తుంటే లోపలేదో టక్కుమంది. ఇప్పుడు బయటినుంచి లాగితే తలుపు హాయిగా వస్తోంది. లోపలినుంచి ఎంత లాగినా రావడం లేదు. మళ్లీ విప్పేలోపు హాగ్లండ్ రానే వచ్చాడు. ట్రావిస్ ఎదురెళ్లి తలుపు తీసి, ఆయన ఎక్కాక తనే వేశాడు.

పశువులు దాటిపోకుండా దారికడ్డంగా కట్టిన గేట్లలో మొదటిది కనబడేసరికి ట్రావిస్‌కు అసలు చిక్కు తట్టింది. మోంటానాలో పక్క సీట్లో కూర్చున్నవాడే దిగి గేటు తీయాలి. డ్రైవరు దిగాడంటే పక్కవాణ్ణి చేతకానివాడి కింద జమకట్టినట్టు.

హాగ్లండ్ కదిలేలోపే ట్రావిస్ దూకాడు.

"ఏవోయ్, నేనిక్కడ కూర్చున్నది బొమ్మలాగానా?"

"కాళ్లు పట్టేశాయండీ. కాస్త ఆడినట్టుంటుందని."

రెండో గేటు దగ్గరా కాళ్లే పట్టేశాయి. హాగ్లండ్ ముఖం కిటికీవైపు తిప్పేసుకున్నాడు. ఇక పెళ్లి మాట ఎక్కడ పెట్టాలో ట్రావిస్‌కు తెలియలేదు. నిజం చెబితే పిల్ల దక్కదు. చెప్పకపోతే పెద్దమనిషి పరువు తీసినట్టు. తన బుర్ర కూడా ఎక్కడో టక్కుమన్నట్టు అనిపించింది.

మూడో గేటు ఇంకా దూరంగా ఉండగానే హాగ్లండ్ చెయ్యి తలుపు పిడివైపు కదిలింది. ట్రావిస్ గేరు తీయకుండానే దూకేశాడు. బండి ఆగలేదు. హాగ్లండ్‌తో సహా గేటు మీదికి పోతోంది.

"బ్రేకండీ! బ్రేకు!"

హాగ్లండ్ ఎడమ కాలు అడ్డంగా చాచి తొక్కాడు. గేటుకు జానెడు దూరంలో బండి ఆగింది. ట్రావిస్ పరిగెత్తుకుంటూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"నా మోకాలి సంగతి నీకెవడు చెప్పాడు?" అన్నాడు హాగ్లండ్.

ట్రావిస్ తల ఊపాడు. దేనికి ఊపాడో అతనికే తెలియదు.

"చలికాలంనుంచీ గేటు దగ్గర దిగాలంటే ప్రాణం పోతోంది. మా ఆవిడక్కూడా చెప్పలేదు. నువ్వు జాలి మాటలేం మాట్లాడకుండా, నన్ను దిగనివ్వకుండా, నీ బండిని కూడా లెక్కచెయ్యకుండా దూకావు చూడు..." ఆయన మోకాలు నిమురుకున్నాడు. "టెస్సా గురించేగా పొద్దుట్నుంచీ గుటకలేస్తున్నావు? చేసుకో. మోకాలి మాట మాత్రం ఇంట్లో ఎత్తకు."

వేలం దొడ్డి దగ్గర బండి ఆపీ ఆపగానే ట్రావిస్ చుట్టూ పరిగెత్తి ఆయన తలుపు తీశాడు. జనం చూస్తున్నారు. హాగ్లండ్ ముఖం కందగడ్డయింది.

"మరీ అతి చెయ్యకు, అబ్బాయ్. తలుపు నేనే తీసుకుని దిగగలను."

"దిగలేరండీ," అన్నాడు ట్రావిస్.

ఆ ఉదయంనుంచీ అతను ఆయనతో చెప్పిన మొదటి నిజం అదే.