ఒడిబియ్యం విమానమెక్కిన విధం

మానవుడు గాల్లో ఎగరడం నేర్చుకుని నూరేళ్లు దాటింది గానీ, తన సంచితో కలిసి ఎగరడమన్నది ఇంకా ప్రయోగదశలోనే ఉంది. ఈ ప్రయోగానికి మొన్న చిలకలగూడ విజయేందర్ తన శరీరాన్ని స్వచ్ఛందంగా, టికెట్టు కొని మరీ అప్పగించాడు.

విజయేందర్ ఆషామాషీ మనిషి కాడు. ఇరవై రెండేళ్లుగా జిరాక్సు షాపు నడుపుతూ, చుట్టుపక్కల నాలుగు బస్తీల దరఖాస్తులన్నీ తన చేత్తో నింపినవాడు. ఏ గడి ఖాళీగా వదిలితే ఏ గుమాస్తాకు కోపమొస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. ఇంతటివాడూ పుణెలో ఉన్న చెల్లెలు సుమిత్ర శ్రీమంతానికి వెళ్లలేకపోయాడు, ఆ తర్వాత మేనల్లుడి పంచెకట్టుకూ వెళ్లలేకపోయాడు. రెండుసార్లూ షాపులో అడ్మిషన్ల గిరాకీ అడ్డొచ్చింది. ఇప్పుడు సుమిత్ర ఫ్లాటు కొన్నది. గృహప్రవేశంనాడు పుట్టింటివాళ్లు వచ్చి ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోయాలి. తల్లీదండ్రీ లేరు. పుట్టిల్లంటే ఇక ఈ అన్నే.

"రెండుసార్లు ఊకున్న అన్నా. గీసారి సుత నువ్వు రాకుంటే నాకు పుట్టిల్లు లేదనుకుంట, గంతే," అని ఫోన్లోనే ఏడ్చేసింది సుమిత్ర. విజయేందర్ వస్తానని మాటిచ్చాడు. ఫోను పెట్టేయగానే 'చవకవిహంగం' వారి యాప్ తెరిచాడు.

టికెట్టు పద్నాలుగు వందల తొంభై తొమ్మిది. పేరు కొట్టేలోపు పదహారు వందలైంది, ఇంటిపేరు కూడా కొట్టేలోపు పంతొమ్మిది వందలు దాటింది. (పొడుగు పేర్లవాళ్లు విమానాల్లో అంతగా కనిపించకపోవడానికి ఇదే కారణమని తెలిసినవాళ్లు అంటారు.) ఆ పైన గళ్లు మొదలయ్యాయి. కిటికీ సీటుకు ఇంత, నడిమి సీటుకు ఇంత, ఏ సీటూ వద్దంటే సీటు నిరాకరణ రుసుము ఇంత. 'విమానం వేళకు బయలుదేరాలని మీరు ప్రత్యేకంగా కోరుకుంటున్నారా?' అని ఇంకో గడి. విజయేందర్ తన అనుభవమంతా ఉపయోగించి అన్నిటికీ 'వద్దు' కొట్టాడు. కొట్టి, గెలిచినట్టు మీసం దువ్వుకున్నాడు.

వారానికి మెసేజ్ వచ్చింది. 'శుభవార్త! మీ విమానం ఒకరోజు ఆలస్యంగా, రెట్టింపు ఉత్సాహంతో బయలుదేరును.' అంటే ముందురోజే చేరవలసినవాడు గృహప్రవేశంనాటి పొద్దున్నే ఏడూ యాభైకి బయలుదేరాలి. ముహూర్తం పన్నెండూ పదికి.

"గంటన్నరల దిగుతం. మస్తు టైముంది," అన్నాడు భార్య అనుపమతో.

బిడ్డ పరీక్షలని ఇంట్లో ఆగిపోయిన అనుపమ సంచి సర్దింది. పసుపు కలిపిన ఐదుంబావు కిలోల బియ్యం, పట్టుచీర, రవిక గుడ్డ, బావకు బట్టలు, పోకలు, ఖర్జూరాలు, వాటి మీద ఐదు ఎండుకొబ్బరి కుడుకలు. "ఏది మర్శినా కుడుకలు మర్వకు, అవి లేకుంటే ఒడి నిండది," అని మూడుసార్లు చెప్పింది. విజయేందర్ తన బట్టలేమీ పెట్టుకోలేదు.

విమానాశ్రయంలో చవకవిహంగం కౌంటర్లో రోనాల్డ్ అనే సౌమ్యుడు సంచిని తూకమేశాడు. తొమ్మిది కిలోలు దాటింది. చేతిలో ఏడుకు మించి పనికిరాదట, సంచి కింద సామాన్ల అరలో వెళ్లాలట. రుసుము రెండు వేల ఆరు వందలు.

"ఏందీ, నా టికెట్టు కన్న సంచి టికెట్టే ఎక్కువుందా?"

"సంచి మంచినీళ్లు అడగదు సార్, కాళ్లు చాపదు. అలాంటి ప్రయాణికులంటే మా సంస్థకు గౌరవం," అన్నాడు రోనాల్డ్.

విజయేందర్ కట్టాడు. రోనాల్డ్ సంచి మెడకు విజయేందర్ పేరున్న చీటీ కట్టి, లోపలి నుంచి ఐదు కుడుకలు మాత్రం తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఎండుకొబ్బరికి మండే గుణం ఉంది కాబట్టి సామాన్ల అరలోకి రాదట. సంచి బెల్టు మీద హుందాగా వెళ్లిపోయింది. కుడుకలు చేతుల్లో పట్టుకుని విజయేందర్ తనిఖీ లైనులో నిలబడ్డాడు.

అక్కడ బెల్టు విప్పించారు, చెప్పులు విప్పించారు, వెండి మొలతాడు కూతపెడితే దానికో ప్రత్యేక విచారణ జరిపారు. ఆఖరికి కుడుకల దగ్గర ఊర్మిళ అనే తనిఖీ ఉద్యోగిని ఆగిపోయింది.

"అన్నా, గివి పైకి సుత పోవు. అగ్గంటుకుంటదని రూలు."

"అగ్గా! తల్లీ, మా అయ్యగారు హోమంల నెయ్యి పోసి, కర్పూరం పెట్టి, అర్ధగంట విసిరినా ఇవి అంటుకోవు. మా కండ్లే మండుతయి గని కుడుక మండది!"

ఊర్మిళది కూడా ఈ ఊరే, యాప్రాల్. మొన్న మొన్ననే పుట్టింట్లో ఒడిబియ్యం పోయించుకుని వచ్చింది. సంగతి వినగానే పాపం ఆమె కుడుకల ట్రేను పక్కకు లాగింది. "కుడుకలు లేని ఒడిబియ్యమేందన్నా, పులిహోర బియ్యమైతది!" అంటూ పెద్ద సారును పిలిచింది.

పెద్ద సారు నిబంధనల పుస్తకం తెచ్చి నిలబడే చదివాడు. ఎండుకొబ్బరి చేతిలో నిషేధం, సంచిలో నిషేధం, జేబులో నిషేధం, టోపీ కింద సైతం నిషేధం. కడుపు విషయంలో మాత్రం పుస్తకం మౌనంగా ఉంది. ఆయన పుస్తకం మూసి, 'ప్రయాణికుని కడుపు సదరు ప్రయాణికుని స్వవిషయము' అని తీర్పు చెప్పాడు.

ఐదు కుడుకలు ఒక్కడు తింటే పైకి విమానం లేకుండానే పోతాడు. విజయేందర్ ట్రే అంచుకు కొట్టి ముక్కలు చేసి లైనంతా పంచాడు. సూటువాడు తీసుకున్నాడు, చంకలో పిల్లనెత్తుకున్నావిడ రెండు తీసుకుంది, ఎవరో సంచిలోంచి చక్కెర పొట్లాలు తీసి చల్లారు. పెద్ద సారు ఒక ముక్కను కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. (తనిఖీ నిమిత్తమే.) "మీ చెల్లె ఇల్లు సల్లగుండాలె!" అని వెనక నుంచి ఎవరో అరిస్తే, "ఉండాలె!" అని లైనంతా అందుకుంది. చెప్పుల్లేకుండా, జారుతున్న ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని విజయేందర్ పడీపడీ నవ్వాడు. ఇంత సంతోషం ఆయనకు తన పెళ్లిలో కూడా కలగలేదు.

"పుణెల కుడుకనే ఖోబ్రా అంటరన్నా, ఏ దుకాణంలనైనా దొరుకుతది. నువ్వైతే జెర ఉరుకు!" అంది ఊర్మిళ.

ఉరికాడు. గేటు దగ్గర మళ్లీ రోనాల్డే ఉన్నాడు. (చవక సంస్థ, మనుషులూ తక్కువే.)

"సార్, చిన్న ఇబ్బంది. విమానం డెబ్భై కిలోలు బరువు ఎక్కువైంది. ఒకరిని తగ్గించాలి. మీ బుకింగులో ఇద్దరున్నారు, మీరూ సంచీ. ఎక్కువ రుసుము కట్టినవారికి ప్రాధాన్యం."

"అయితే సంచిని దింపు!"

"సంచి తొమ్మిది కిలోలే సార్. పైగా ఎప్పుడో ఎక్కి సర్దుకుంది."

"నేను మనిషిని సార్! ఆ సంచి నాది!"

రోనాల్డ్ కంప్యూటరులో పైనుంచి కిందిదాకా వెతికాడు. "ఆ గడి లేదు సార్."

విజయేందర్ చేతులు జోడించాడు. "మా చెల్లె ఎదురుచూస్తది సార్. పన్నెండుకు ముహూర్తం. దండం పెడత, నిలబడి వస్త." రోనాల్డ్ నిజంగానే నొచ్చుకున్నాడు. నొచ్చుకుని, 'ప్రయాణికుడు మిగిలిపోయినట్టు ధ్రువపత్రం' ఇచ్చి, సాయంత్రం నాలుగు గంటల విమానానికి దరఖాస్తు చేసుకోమన్నాడు. కన్నీళ్లు కాగితం మీద పడకుండా విజయేందర్ గళ్లన్నీ నింపాడు. ఇంత శుభ్రంగా నింపిన ఫారం తన సర్వీసులో చూడలేదని రోనాల్డ్ మెచ్చుకున్నాడు. అద్దం అవతల విమానం లేచింది.

పన్నెండుంబావుకు సుమిత్ర వీడియో కాల్ చేసింది. ఎక్కువ రుసుము కట్టిన సంచి కాబట్టి చవకవిహంగం వారు దాన్ని కారులో ఇంటికే తెచ్చి దింపారట. కొత్తింటి హాల్లో పీట మీద సంచి కూర్చుంది. దానికి బొట్టు పెట్టారు, హారతి ఇచ్చారు. చీటీ మీద అన్న పేరే ఉంది కనుక పుట్టింటివారు వచ్చినట్టేనని పెద్దమనుషులు ఖాయం చేశారట. సుమిత్ర ఒడిలో బియ్యం పసుప్పచ్చగా మెరుస్తున్నాయి.

"మాఫ్ చెయ్యవే సుమిత్రా," అని విజయేందర్ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడ్వకు అన్నా," అంది సుమిత్ర నెమ్మదిగా. "పోయిన రెండుసార్లు సంచి సుత రాలే."